ఇనుమూ, కొబ్బరితాడూ

మా మామయ్య విశాఖపట్నం షిప్‌యార్డులో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. సముద్రమంటే ఇద్దరికీ ప్రాణమే గానీ, దాని తాలూకు గుర్తుగా ఏం దాచుకోవాలన్న మాట వచ్చేసరికి ఇద్దరికీ పడదు. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఓ పగలంతా బీచ్‌రోడ్డు మీదే గడిపాం. పొద్దున విశాఖ మ్యూజియం చూశాం. డచ్ బంగళా అని పిలిచే పాత ఇంట్లో 1991లో తెరిచారు దాన్ని. మధ్యాహ్నం ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి. సాయంత్రం ఇసకలో కూర్చుని చెరో మురీ మిక్చరు పొట్లం పట్టుకున్నాక వాదన మొదలైంది. జ్ఞాపకమున్నంత వరకూ జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. మామయ్య నన్ను ఓడించిన చోట్లు కూడా దాచలేదు.

మామయ్య: జలాంతర్గామిలో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళేటప్పుడల్లా నువ్వు తల వంచావు, కాలెత్తావు. గమనించుకున్నావా? 91 మీటర్ల గొట్టం. అందులో 75 మంది, 22 టార్పెడోలు. ఆ ఇరుకేమిటో నీ నడుముకి తెలిసింది. బోర్డు చదివితే తెలిసేది కాదది. మ్యూజియం అంటే నా లెక్కలో అదమ్మా. అసలు వస్తువు ఎదురుగా ఉండాలి.

నేను: కాదనను మామయ్యా. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరిన జలాంతర్గామి, 2001 ఫిబ్రవరిలో సెలవు తీసుకుని, మరుసటేడు ఆగస్టు నుంచి జనం చూడ్డానికి ఈ ఒడ్డున నిలబడింది. అలాంటిది ఇంకెక్కడో గానీ దొరకదు. కానీ పొద్దుటినుంచీ నా కళ్ళ ముందు నిలిచినవేంటో చెప్పనా? 1942లో జపాను వాళ్ళు వేస్తే పేలకుండా మిగిలిన బాంబు. యుద్ధనౌకల నమూనాలు. జలాంతర్గామి. దాని ఎదురుగా టీయూ-142 విమానం. అన్నీ ఇనుమూ, యుద్ధమూ. ఈ ఒడ్డు రెండువేల ఏళ్ళుగా సముద్రంతో చేసిన కాపురంలో యుద్ధం ఎన్నాళ్ళు? మిగతా రోజుల మాటేమిటి?

మామయ్య: మిగతా రోజుల వస్తువులు మిగల్లేదు మరి. ఇనుము మిగిలింది. మిగిలినదాన్ని కదా పెడతారు?

నేను: మిగల్లేదా, మిగల్చలేదా?

మామయ్య: రెండూను. అయినా యుద్ధాన్ని చిన్నచూపు చూడకు. 1971 డిసెంబరు 3 రాత్రి, అర్ధరాత్రి దాటాక, మా ఇంటి కిటికీ తలుపులు దడదడలాడాయి. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఘాజీ మునిగిన చప్పుడని తర్వాత గానీ తెలియలేదు. వేరే దేశం జలాంతర్గామి మన రేవు గుమ్మంలోకొచ్చి మునిగిపోయింది. దాన్ని మర్చిపొమ్మంటావా?

నేను: మర్చిపోవద్దు. ఆ కథలో ఒక మనిషి తగ్గాడంటున్నాను, అంతే. నీళ్ళ మీద నూనె తెట్టునీ, తేలుతున్న ముక్కల్నీ చూసి కబురు తెచ్చింది ఎవరు? వేటకెళ్ళిన జాలర్లు. ఘాజీ పేరు దేశమంతా తెలుసు. తెప్పల మీద వాళ్ళు కబురు తెచ్చిన సంగతి ఎంతమందికి తెలుసు?

మామయ్య కాసేపు నీళ్ళకేసి చూశాడు. దూరంగా రెండు ఫైబర్ పడవలు ఇంజను చప్పుడు చేసుకుంటూ జాలారిపేట వైపు పోతున్నాయి. మామయ్య ఒప్పుకున్నప్పుడు ఒప్పుకున్నానని చెప్పడు. ప్రశ్న మారుస్తాడు.

మామయ్య: సరే. నీకొక గది ఇస్తాననుకో. భీమిలి లాంటి చిన్న ఊళ్ళో, ఒడ్డుకి దగ్గరగా, పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు, పదడుగుల పైకప్పు. ఏసీ ఉండదు, కరెంటు పోతుంటుంది, ఉప్పుగాలి కిటికీలోంచి నేరుగా వస్తుంది. ఏం పెడతావు? కబుర్లొద్దు. వస్తువు చెప్పు, కొలత చెప్పు.

నేను: మొదట అన్నిటికంటే చిన్నది. శాతవాహనుల నాటి సీసపు నాణెం. ఒకవైపు ఓడ బొమ్మ, దానికి రెండు తెరచాప కొయ్యలు. యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేలవి. రాజు తన ముఖం వేయించుకోవచ్చు, ఏనుగును వేయించుకోవచ్చు. ఓడను వేయించాడంటే ఆ ఓడల మీదే రాజ్యానికి డబ్బు వచ్చిందన్నమాట. ఘంటసాల శాసనంలో మహానావికుడు శివకుడని ఒకాయన కనిపిస్తాడు. ఆ ఊరినే టాలెమీ కొంటకొస్సిల అన్నాడు. ఈ ఒడ్డున ఓడ నడిపినవాళ్ళలో పేరు మిగిలినవాడాయన.

మామయ్య: నాణెం ఎందులో పెడతావు?

నేను: మంచి టేకు అరలో, అద్దం కింద.

మామయ్య: చంపేశావు దాన్ని. చెక్కలోంచి పుల్లటి ఆవిరి వస్తుంది. కొత్త చెక్కయితే మరీను. మూసిన అరలో ఆ ఆవిరి సీసాన్ని తినేస్తుంది. పదేళ్ళకి చూస్తే నీ రెండు కొయ్యల ఓడ తెల్లటి పొడై ఉంటుంది. చెక్క వద్దు. రంగేసిన లోహపు అర కావాలి, లోపల తేమ పీల్చే పొట్లాలుండాలి, వాటిని నెలనెలా మార్చే మనిషుండాలి. ఆ మనిషికి జీతం ఎవరిస్తారో ముందు చెప్పు. ఓడల కొయ్యల గురించి తర్వాత మాట్లాడదాం.

(ఇక్కడ నేను ఓడిపోయాను. పాఠంలో నాణెం గురించి ఎన్నోసార్లు చెప్పాను గానీ, అది చెక్కపెట్టెలో చచ్చిపోతుందని నాకు తెలియదు.)

నేను: సరే, లోహపు అర. రెండోది శాసనం. రాయి కాదు, దాని మీద తడికాగితం అద్ది సిరాతో తీసిన అచ్చు. మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం. గాలివానకు చితికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా వెనకటి రాజులు లాగేసుకునేవారట. ఈయన అలా చేయనన్నాడు. ప్రాణంకన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రానికి ఎదురెళ్ళినవాళ్ళ మీద దయతో, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనన్నాడు. సుంకం ముప్పయ్యింట ఒక వంతు.

మామయ్య: ముప్పయ్యింట ఒకటా?

నేను: ఎగుమతికీ, దిగుమతికీ అంతే. మ్యూజియంలో కత్తి చూస్తే పిల్లలు ఎగబడతారు. ఓడ పగిలిన పరాయివాడికి రాజు ఇచ్చిన మాట కత్తికంటే గొప్పదని నాకనిపిస్తుంది. చితికిన ఓడ దగ్గర నిలబడి, ఇది నాది కాదని చెప్పగలగడం!

మామయ్య: ఇది బాగుంది. కాగితం గోడకి వేలాడుతుంది, చోటు తినదు. కానీ చదివే ఓపిక ఎవరికుంది? నీ శాసనం పక్కన పగిలిన లంగరో, పాత్రో ఏదో ఒకటుండాలి. మనిషి ముందు ముట్టుకుంటాడు, తర్వాతే చదువుతాడు. సరే, మూడోది?

నేను: పడవ. కుట్టుపడవ.

మామయ్య: పట్టదు.

నేను: ఇంకా చెప్పనే లేదు.

మామయ్య: పన్నెండు ఇరవై గది. సరుకు మోసే కుట్టుపడవ ముప్పై అడుగులకి తగ్గదు. తలుపులోంచే దూరదు.

కుట్టుపడవ గురించి తెలియనివాళ్ళకోసం ఇక్కడ కాస్త ఆగాలి. తెల్లవాళ్ళు దాన్ని మసూలా అన్నారు. మనవాళ్ళు పడవ అనే అన్నారు. పలకల అంచుల వెంట కంతలు తొలిచి, కొబ్బరితాడుతో పలకను పలకకి కుడతారు. అతుకు మీద పీచూ గడ్డీ దట్టించి, దాని మీంచి కుట్టు బిగిస్తారు. ఒక్క మేకు ఉండదు. లోపల పక్కటెముకల్లాంటి చట్రమూ ఉండదు. ఇదంతా ఇనుము దొరక్క చేసిన పని కాదు. మన తీరంలో ఇసక మీద విరిగే అలల వరస ఉంటుంది. మేకులు కొట్టి బిర్రుగా బిగించిన పడవ ఆ వరస దాటుతూ ఇసకకు కొట్టుకుంటే పగులుతుంది. కుట్టుపడవ వంగుతుంది, నలుగుతుంది, మళ్ళీ తేరుకుంటుంది. విశాఖలో రేవు తెరిచింది 1933లో. అంతకుముందు వచ్చిన ఓడ నడిసముద్రంలో లంగరేసుకుని నిలబడేది. దానికీ ఒడ్డుకీ మధ్య ప్రతి మూటా, ప్రతి మనిషీ పడవల మీదే దాటాలి. మద్రాసులో, బందరులో, కాకినాడలో ఇదే కథ. డచ్చివాళ్ళు వచ్చినా, 1611లో ఇంగ్లీషువాళ్ళ గ్లోబ్ ఓడ బందరుకొచ్చినా, చివరి మైలు మన తాళ్ళ మీదే నడిచింది.

నేను: పడవంతా అక్కర్లేదు మామయ్యా. అయిదడుగుల ముక్క చాలు. రెండు మూడు పలకలు కుట్టి గోడకి ఆనించి పెడదాం. దాని పక్కన అదే కొలతలో మేకులు కొట్టిన ముక్క ఇంకొకటి. వచ్చినవాళ్ళు రెండు చేతులతో రెండింటినీ నొక్కి చూడాలి. ఒకటి కదలదు. ఇంకొకటి అరచేతి కింద మెత్తగా వెనక్కి పోయి మళ్ళీ వస్తుంది. జలాంతర్గామిలో నా నడుముకి తెలిసిందన్నావే, ఇది చేతికి తెలుస్తుంది.

మామయ్య: (చాలాసేపటికి) ఆ రెండో ముక్క పెట్టాలన్న ఆలోచన ఎవరిది?

నేను: నాదే.

మామయ్య: బాగుంది. దాన్ని ఉంచు. కానీ ఓ మాట. ఆ ముక్క పాతదా, కొత్తగా చేయించిందా?

నేను: కొత్తదే. పాతది ఎక్కడ దొరుకుతుంది? తాడు ఉప్పునీళ్ళలో నానుతుంది, ఎండుతుంది, పురుగు తింటుంది. కొన్నాళ్ళకు విప్పి మళ్ళీ కుట్టాల్సిందే. పలకలూ ఎప్పటికప్పుడు మారతాయి.

మామయ్య: అంటే నకలు. నేనొప్పుకోను. నకలుతో మొదలెడితే అబద్ధానికి దారి పడుతుంది. ఇవాళ కుట్టుపడవ ముక్క, రేపు ప్లాస్టిక్ తిమింగలం, ఎల్లుండి మైనపు జాలరి. ఒడ్డున అసలు సముద్రం పెట్టుకుని లోపల బొమ్మల కొలువు పెడతారా?

నేను: ఓడ నమూనాలు నకలు కావా? అయినా వాటి ముందు అరగంట నిలబడ్డావు కదా.

మామయ్య: నమూనా వేరు. దానికి డ్రాయింగు ఉంటుంది. స్కేలు ఉంటుంది. తప్పు చేస్తే కొలిచి పట్టుకోవచ్చు. నీ పడవకి డ్రాయింగు ఎక్కడుంది?

నేను: మనిషిలో.

మామయ్య: మనిషి పోతే?

నేను: అందుకే తొందరపడుతున్నాను. ఫైబర్ పడవలొచ్చి కుట్టడం మానేశాక చెయ్యి తిరిగినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. ఆ చేతిలో ఉన్నదే అసలు వస్తువు మామయ్యా. తాడు ఎప్పుడూ కొత్తదే, ముడి పాతది. రెండేళ్ళకోసారి వాళ్ళచేతే కుట్టు విప్పించి, గదిలోనే, జనం చూస్తుండగా మళ్ళీ కుట్టిద్దాం. నేర్చుకోవడానికి ఇద్దరు కుర్రాళ్ళు పక్కన కూర్చోవాలి.

మామయ్య: ఇదే నాకు నచ్చనిది. జాలర్లని తీసుకొచ్చి అద్దాల వెనక కూర్చోబెడతావా? వాళ్ళింకా వేటకెళ్తున్నారు. అలదిగో, మనిషదిగో. బతికున్నవాడికి మ్యూజియం కడితే, వాడు పోయాడని అందరికీ చెప్పినట్టే. రేపు ఆ ఒడ్డు ఖాళీ చేయించడానికొచ్చినవాడు, మీ సంగతులన్నీ మ్యూజియంలో పెట్టాం కదా, ఇంకేంటంటాడు.

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు రాస్తున్నప్పుడూ లేదు. బీచ్ ఒడ్డున స్థలం విలువ తెలిసినవాళ్ళెవరూ ఆ భయాన్ని తోసిపుచ్చలేరు. నేను చెప్పగలిగింది ఇంతే.

నేను: అద్దాల వెనక కాదు, బల్ల వెనక. కురుసురలో మనకి చూపించిందెవరు? రిటైరైన నౌకాదళం మనిషి. ఏ మీట ఎందుకో, ఎక్కడ పడుకునేవారో, నీళ్ళు ఎంత పొదుపుగా వాడేవారో తన సొంతింటి సంగతిలా చెప్పాడు. నువ్వాయన్ని ‘సార్’ అన్నావు. ఆయనకి అది కొలువు. తెప్ప గురించి చెప్పే జాలారికి కూడా అదే కుర్చీ, అదే జీతం, అదే ‘సార్’ కావాలి. చిన్న మ్యూజియం కూడా ఆ మాత్రం చేయగలదు. అలా చేయలేకపోతే నీ మాటే నిజం, పెట్టకపోవడమే మంచిది.

మామయ్య: తెప్ప గదిలో పెట్టకు. బయట ఇసకలో ఉండనీ. సముద్రంలోంచి రాగానే కట్లు విప్పి దుంగలు ఆరబెడతారు కదా, అలాగే విప్పి పెట్టండి. పొద్దున్నే కట్టడం, సాయంత్రం విప్పడం. అది చూస్తేనే తెలుస్తుంది, తెప్పకి పడవలా లోపలంటూ ఉండదని, నీళ్ళు పైకొచ్చినా దుంగల సందుల్లోంచి జారిపోతాయని. ముంచడానికి ఏముంది అందులో?

నేను: ఇది నా జాబితాలో లేదు.

మామయ్య: రాసుకో మరి.

రాసుకున్నాను. ఆ తర్వాత గాలివానల సంగతి వచ్చింది. కోరంగి పేరు చెప్పకుండా ఈ తీరం కథ సాగదు. గోదావరి మొగలో ఓడలు కట్టిన రేవు అది. 1789లో ఉప్పెన ముంచింది. లేచి నిలబడింది. 1839 నవంబరులో ఉప్పెన మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత కోరంగి మళ్ళీ కోరంగి కాలేదు. చుట్టుకున్న పాములా తిరిగే గాలి అని అర్థమొచ్చేలా గ్రీకు మాటలోంచి సైక్లోన్ అన్న పేరును కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ 1848లో పెట్టాడు. ఆ పేరు పుట్టింది మన బంగాళాఖాతం గాలుల్ని లెక్కగట్టిన మనిషి కలంలోనే. 1864 నవంబరు 1 రాత్రి బందరులో 30,000 మంది పోయారు.

నేను: అందుకే గోడ మీద ఒక గీత గీయిస్తాను. బందరు ఉప్పెనలో నీళ్ళు పదమూడడుగులు లేచాయి. నీ గది పైకప్పు పదడుగులే. గీత పైకప్పు దాటి పైకి పోవాలి. తలెత్తి చూసినవాడికి గీత కనపడదు, అప్పుడు తెలుస్తుంది.

మామయ్య: తప్పు.

నేను: ఏది?

మామయ్య: పదమూడడుగులు ఎక్కణ్ణించి? గది గచ్చు నుంచా? కాదు కదేటి. పెద్ద పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఎంతవరకూ వస్తాయో, దాని మీద పదమూడడుగులు. నీ గచ్చు పోటు మట్టానికి ఎంత ఎత్తున ఉందో ముందు కొలవాలి. ఆరడుగులు ఎత్తున ఉందనుకో, గదిలో నీళ్ళు ఏడడుగులే. అప్పుడు నీ గీత మామూలుగా గోడ మీదే వస్తుంది. మనిషి తలకి కాస్త పైన. భయపెట్టడానికి గీత గీయకు. కొలిచి గీయి. ఏడడుగులు చాలు మనిషిని తీసుకెళ్ళడానికి.

(ఏడడుగులు చాలన్న ఆ మాట నాకు రాత్రంతా నిద్రపట్టనివ్వలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఒడ్డునే ఉన్నాం ఇద్దరం. ఆ రోజు సంగతి మేము ఒకరితో ఒకరం ఇప్పటికీ పెద్దగా మాట్లాడుకోం.)

నేను: సరే, కొలిచే గీస్తాం. ఇప్పుడు నీ సంగతి అడుగుతాను. నీ ఇనుపగోడ మీద ఏం పెడతావు?

మామయ్య: జల ఉష నమూనా. ఇంకేం కావాలి? వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ యార్డుకి 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. పది నెలలు తిరక్కుండా 1942 ఏప్రిల్ 6న జపాను వాళ్ళ ర్యూజో ఓడ మీంచి లేచిన విమానాలు ఇక్కడా, కాకినాడలోనూ బాంబులేశాయి. ఊరికి ఊరే ఖాళీ అయింది. అయినా 1948 మార్చి 14న నెహ్రూ గారి చేతులమీదుగా జల ఉష నీళ్ళలోకి దిగింది. స్వతంత్రమొచ్చి ఏడాది కాలేదు. మనం కట్టాం ఓడ!

నేను: మనం అంటే ఎవరు? నమూనా ముందు నిలబడితే నెహ్రూ గారి పేరు తెలుస్తుంది, కంపెనీ పేరు తెలుస్తుంది. నువ్వెక్కడున్నావు అందులో?

మామయ్య: నేను 1979లో చేరాను.

నేను: నీలాంటివాళ్ళు. నువ్వు చేరిన కొత్తలో ఏం పని చేశావో మాకెప్పుడూ చెప్పలేదు.

మామయ్య: మోల్డ్ లాఫ్ట్‌లో. పెద్ద హాలు, చెక్క నేల, నల్లరంగు. దాని మీద ఓడను అసలు కొలతలో గీస్తాం, ముక్కలు ముక్కలుగా, ఒకదాని మీద ఒకటి. బూట్లతో వెళ్ళనివ్వరు. సన్నటి కర్రబద్ద తీసుకుని, గుర్తుల మీదుగా వంచి, బరువులు పెట్టి ఆపుతాం. అప్పుడు నేలకి చెంప ఆనించి, ఒక కన్ను మూసి బద్ద వెంట చూడాలి. లెక్క సరిపోయినా, వంపులో ఎక్కడో చిన్న కుదుపుంటే కంటికి దొరికిపోతుంది. మా మేస్త్రీ ఒకాయన పేపరు చదవలేడు గానీ, వెంట్రుకవాసి తేడా ఉంటే పట్టేసేవాడు. ఆయన సరే అంటేనే గీత. ఆ గీతకు అచ్చులు కోసి, అచ్చు ప్రకారం ఇనుపరేకులు కోసేవారు.

నేను: ఆ నేల ఇప్పుడెక్కడుంది?

మామయ్య: ఎక్కడుంటుంది? ఓడ అయిపోగానే రంగేసేసేవాళ్ళం. కొత్త ఓడకి కొత్త గీతలు.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. మామయ్య ఇసకలో వేలితో ఓ వంపు గీశాడు. చెరిపేశాడు. మళ్ళీ గీశాడు. నేను అడిగి గెలవాలనుకున్న ప్రశ్న అది. గెలిచానని మాత్రం అనిపించలేదు.

మామయ్య: అవునమ్మా. ఇనుము మిగిలింది గానీ, దాన్ని వంచిన గీత మిగల్లేదు. నీ కుట్టుపడవ వాడికీ మాకూ తేడా లేదంటావు, అంతేగా?

నేను: నేననలేదు. నువ్వే అన్నావు.

మామయ్య: గదిలో ఓ మూల నేల నల్లరంగు వేయించు. నాలుగడుగులు చాలు. ఓ బద్ద, నాలుగు బరువులు. పిల్లలు చెంప ఆనించి చూడనీ. ఇది నకలు కాదు. పని.

నేను: మరి కుట్టుపడవ ముక్క?

మామయ్య: అదీ పనేలే. సరే.

అక్కడితో అయిపోయేదే. నేనే పొడిగించాను. పొద్దుటినుంచీ నా మనసులో ఉన్న ఆఖరి వస్తువు గురించి అడగడానికి అదను కోసం చూస్తున్నాను.

నేను: ఇంకొక్కటుంది. అమ్మమ్మ పెట్టె.

మామయ్య: అది నా పనిముట్ల పెట్టె.

నేను: రంగూన్ నుంచి వచ్చిన పెట్టె. మన ఉత్తరాంధ్రలో బర్మా వెళ్ళినవాళ్ళు ఏ ఇంట్లో లేరు? కాకినాడలో, విశాఖలో స్టీమరెక్కి, డెక్కు మీద చాపేసుకుని వెళ్ళారు. రంగూన్ రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కోరంగి ఓడల మీద వచ్చారని అక్కడ మనవాళ్ళకి కొరంగీలని పేరు. ఉప్పెనలో పోయిన ఊరి పేరు, పరాయి దేశంలో కూలివాడి పేరుగా బతికింది. 1930 మేలో అక్కడి రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగితే చచ్చినవాళ్ళెవరో మనకి తెలియదు. 1964 తర్వాత తిరిగొచ్చినవాళ్ళకి ఈ ఊళ్ళో బర్మా క్యాంపే ఉంది. మన సముద్ర చరిత్రలో అందరికంటే ఎక్కువమంది వాళ్ళే. వాళ్ళ ఓడ నమూనా ఎవరైనా చేస్తారు. వాళ్ళ మూట ఎవరు దాచారు?

మామయ్య: మా అమ్మ వచ్చింది పదేళ్ళ పిల్లప్పుడు. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాయి. ఆ తర్వాత దొరికిన ఓడెక్కి వచ్చేశారు. ఇక్కడ దిగి ఊపిరి పీల్చుకుంటుండగానే ఏప్రిల్లో ఇక్కడా పడ్డాయి. మళ్ళీ అదే పెట్టె ఎత్తుకుని ఊరు పట్టారు. నాలుగు నెలల్లో రెండుసార్లు, అదే జపాను వాడి చేతిలో. అందుకే పొద్దున ఆ బాంబు దగ్గర నేను నిలబడలేదు. చూశావో లేదో.

చూడలేదు. నేను ఆ బోర్డు చదువుతున్నాను.

నేను: అందుకే అడుగుతున్నాను. ఆ బాంబు ఒక చోట, ఈ పెట్టె ఒక చోట ఉంటే సగం సగం కథలు.

మామయ్య: పెట్టె ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ అది రంగూన్ నుంచి వచ్చిందని రుజువేది? టికెట్టు లేదు, చీటీ లేదు, దాని మీద పేరు లేదు. బర్మా టేకు పెట్టెలు శ్రీకాకుళం జిల్లాలో ఇంటికొకటి ఉంటాయి. నీ మాటా, నా మాటా వస్తువు కాదు. నాణేనికి అడిగిన లెక్కే అమ్మమ్మకీను.

నేను: పిడి ఊడిపోతే అమ్మమ్మ వాళ్ళమ్మ కొబ్బరితాడు చుట్టి తెచ్చిందని చెప్పేదిగా. ఓడ ఊగినన్నాళ్ళూ పెట్టె ఆ తాడుతోనే కట్టేసి ఉందనీ, తను దాని మీద తలపెట్టి పడుకుందనీ.

మామయ్య మిక్చరు పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచి పంచె దులుపుకున్నాడు.

మామయ్య: పెట్టె అంచు మీద గాడి ఒకటుంది. చిటికెనవేలు పట్టేంత. అదేంటో తెలియక, ఓసారి చిత్రిక పట్టి చదును చేసేద్దామనుకున్నాను.

నేను: చేశావా?

మామయ్య: లేదు. పద, ఇంటికెళ్ళి చూద్దాం. గాడి రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉండాలి. ఒక పక్కే ఉంటే అది తాడు కాదు, గోడకి ఒరుసుకున్నదే. టార్చి తెస్తావా, లేకపోతే నా దగ్గరుంది.